నడక మేస్త్రీ నడవని దారి

కాలనీలో ఎవరికి కాళ్ళనొప్పులు వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఓసారి నడక మేస్త్రీ ఇంటికి వచ్చేవారు. ఆయన వరండాలో పడక కుర్చీలోంచి లేవకుండానే వైద్యం మొదలుపెట్టేవాడు. ఎత్తెక్కేటప్పుడు అడుగెలా వేయాలి, దిగేటప్పుడు బరువెక్కడ మోపాలి, వానాకాలంలో బురదని ఎందుకు నమ్మకూడదు, ఎండాకాలంలో ఎండుటాకుల్ని అసలే ఎందుకు నమ్మకూడదు, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పేవాడు. వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని వినేవారు. వెళ్ళేటప్పుడు కుంటుకుంటూనే వెళ్ళేవారనుకోండి, అది వేరే సంగతి.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. కొండ మీద గని నడిచినన్నాళ్ళూ కాలనీలో అందరూ కంపెనీ బస్సెక్కి, కొండ చుట్టూ తిరిగి పనికి వెళ్తే, ఈయన ఒక్కడే అడవిలోంచి పోయే పాత గని దారిన పొద్దున ఎక్కి సాయంత్రం దిగేవాడు. గాల్లో తీగ మీద తొట్లు నడిచే రోప్‌వే రాకముందు, కంచర గాడిదల మీద ఖనిజం మోసిన రోజుల్లో వేసిన దారి అది. రోప్‌వే వచ్చాక ఈయన తప్ప దాని ముఖం చూసినవాడు లేడు. ఈయన ఉద్యోగం ఆ రోప్‌వే చక్రాలకు గ్రీజు పెట్టడం. గ్రీజు మేస్త్రీ అనాల్సిన మనిషిని అందరూ నడక మేస్త్రీ అన్నారంటే ఆ నడక ఎంత పేరు మోసిందో మీరే ఊహించుకోండి.

ఆ నడకకు అసలైన సేవ చేసింది మాత్రం ఆయన భార్య. సాయంత్రం ఆయన ఎర్రదుమ్ము కొట్టుకుని గుమ్మంలో అడుగు పెట్టేసరికి వేడినీళ్ళు సిద్ధంగా ఉండేవి. స్నానం కాగానే నూనె గోరువెచ్చగా కాచి, ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, పిక్కల దగ్గర్నుంచి బొటనవేళ్ళ దాకా పట్టేది. ఒక్క రోజు మానలేదు. తనకు జ్వరం వచ్చిన రోజు కూడా, "మీరు అంత దూరం నడిచొచ్చారు, నాదేముంది, ఇంట్లోనే కదా ఉన్నాను" అంటూ కాళ్ళు పట్టింది.

ఇంత చెప్పాక మిగిలిన ఒక్క ముక్కా చెప్పకపోతే అన్యాయం. ఆయన ఆ దారిలో ఏనాడూ నడవలేదు.

అబద్ధం చెప్పాలని ఆయన అనుకోలేదు పాపం. ఆయనకు బస్సు పడదు. బస్సు కదలక్కర్లేదు, దూరం నుంచి డీజిలు వాసన తగిలితే చాలు, కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండుసార్లు బస్సెక్కాడు. రెండోసారి ఫోర్‌మన్ ఒళ్ళో... ఆ సంగతి వదిలేద్దాం. "నేను పాత దారిన నడిచొస్తానండీ" అని ఆయన అనేలోగానే ఫోర్‌మన్ ఒప్పేసుకున్నాడు.

మొదటి రోజు హుషారుగానే బయల్దేరాడు. పశువుల పాక దాటి, అడవి మొదలయ్యే చోట ఒక జలగ ఆయన సాక్సులో దూరింది. దాన్ని పీకేలోగా రెండోది దూరింది. మూడోది ఎక్కడికి చేరిందో చెప్పుకోవడం బాగుండదు. ఆయన కేకలు పెట్టుకుంటూ వెనక్కి పరిగెత్తి రోప్‌వే కింది స్టేషన్లో పడ్డాడు. అక్కడి ఆపరేటరుది జాలిగుండె. పైనుంచి ఖనిజంతో దిగిన ఇనుప తొట్లు ఖాళీ అయిపోయి, తీగకు వేలాడుతూ ఒకదాని వెనక ఒకటి మళ్ళీ కొండెక్కుతున్నాయి. "తొట్లలో మనుషులు ఎక్కరాదు" అని ఎర్రక్షరాల బోర్డు ఉంది కానీ, అది ఆ ఆపరేటరు వీపు వెనక ఉంది.

"ఎక్కు. తీగ మోసే టవరు వచ్చినప్పుడు మాత్రం తల వంచు, లేకపోతే తల ఇక్కడికీ మొండెం అక్కడికీ వెళ్తాయి" అన్నాడు ఆపరేటరు.

తొట్టి గాల్లోకి లేచింది. బస్సులో గోల చేసే కడుపు ఇక్కడ కిమ్మనలేదు. సాయంత్రం ఖనిజం కుప్ప మీద కూర్చుని దిగాడు. ఇంటికెళ్ళేసరికి ఒళ్ళంతా ఎర్రదుమ్ము. పెళ్ళయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ అవతారం చూసి భార్య, "అయ్యో, అంత దూరం నడిచారా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజం చెప్పడానికే ఆయన నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడ ఆయన కాళ్ళు ఒళ్ళోకి తీసుకుని పట్టడం మొదలుపెట్టింది. తెరిచిన నోట్లోంచి "ఆఁ..." అని హాయిగా ఒక మూలుగు మాత్రం వచ్చింది. సరే, రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు ముప్పై ఏళ్ళయినా రాలేదు.

నడిచానని ఒక్క మాట అంటే సరిపోదు కదా. నడిచినవాడికి దారిలో ఏదో ఒకటి జరగాలి. కాబట్టి ముళ్ళు గుచ్చుకునేవి, పాములు అడ్డం వచ్చేవి, బురదలో కాలు దిగబడేది. గాలికి తొట్టిలోంచి గొడుగు ఎగిరిపోతే కోతులు లాక్కున్నాయి. అలా రోజులు బాగానే గడుస్తుండగా ఓ సాయంత్రం టవరు దగ్గర తొట్టి పెద్ద కుదుపు కుదిపింది. ఆయన రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. ఒళ్ళో ఉన్న క్యారేజీని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేకపోయింది.

అది మామూలు క్యారేజీ కాదు. మూడు గిన్నెల ఇత్తడి క్యారేజీ. ఆవిడ కాపురానికి వచ్చేటప్పుడు తల్లి, మూత మీద చుక్కలు చుక్కలుగా చిలక బొమ్మ కొట్టించి మరీ ఇచ్చింది. గొడుగంటే కోతుల మీదికి నెట్టాడు, దీన్ని ఎవరి నెత్తిన రుద్దాలో ఆయనకు తోచలేదు. గుమ్మంలో అడుగు పెడుతూనే, "చిరుతపులి ఎదురొచ్చిందే! చేతిలో ఏముంది, క్యారేజీ తప్ప? దాంతోనే విసిరి కొట్టాను" అనేశాడు.

ఆవిడ ఆయన్ని పట్టుకుని భోరుమంది. క్యారేజీ ఊసే ఎత్తలేదు. మర్నాటికల్లా ఆ కథ కాలనీ అంతా తిరిగింది. తిప్పింది ఆవిడే. చెప్పిన ప్రతిసారీ చిరుత ఒక మూర పొడుగు పెరిగేది. ఆవిడ లోకమంతా ఆ రెండు గదుల క్వార్టర్స్. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క క్వార్టర్స్ గోడ. నలుగురిలో గొప్పగా చెప్పుకోవడానికి ఆవిడకు ఉన్నది ఆ చిరుత ఒక్కటే.

తర్వాత గని మూతపడింది. తీగలూ తొట్లూ తుక్కువాళ్ళు పట్టుకుపోయారు. టవర్లు మాత్రం అడవిలో అలాగే నిలబడిపోయాయి. కొన్నాళ్ళకు కింది స్టేషన్ ఆపరేటరు కూడా కన్నుమూశాడు. ఆ రోజు మేస్త్రీ కుమిలి కుమిలి ఏడ్చాడు. ఏడుపు మధ్యలో, ఇక ఈ సంగతి తెలిసినవాడు ఎవడూ లేడు కదా అనిపించి కాస్త హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు సిగ్గేసి, మళ్ళీ మొదట్నుంచీ ఏడ్చాడు.

ఇంత సుఖంగా సాగుతున్న విశ్రాంతిలో నిప్పులు పోసినవాడు అల్లుడు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, అడవుల్లో తిరగడం పిచ్చి. బూట్లు వేరు, టోపీ వేరు, మడిస్తే జానెడయ్యే చేతికర్ర వేరు. వీపున ఒక సంచి, అందులోంచి నోటి దాకా నీళ్ళ గొట్టం. ఆ గొట్టం చూసినప్పుడల్లా మేస్త్రీకి ఆసుపత్రి గుర్తొచ్చేది.

"మామయ్యగారూ, మీ దారిలో అందరం కలిసి నడుద్దాం" అన్నాడు అల్లుడు, ఓ ఆదివారం ఊడిపడి. "మీరు ముందు, మీ వెనక నేనూ, మా స్నేహితుడు పళ్ళ డాక్టరూ. దిగేటప్పుడు కష్టపడక్కర్లేదు, పైకి జీపు రమ్మని చెప్పాను."

మేస్త్రీ చప్పున మోకాళ్ళు తడుముకున్నాడు. "మోకాళ్ళు ఇదివరకట్లా లేవు అల్లుడుగారూ."

"మెల్లిగానే వెళ్దాం."

"పొదలు పెరిగిపోయి ఉంటాయి."

"కత్తి తెస్తాను."

"చిరుతలున్నాయి!"

"మీరుండగా మాకేం భయం మామయ్యగారూ!"

తను పెంచిన చిరుత చివరికి తన మీదికే వచ్చింది. ఆయన ఇంకేదో అనేలోగా వంటింట్లోంచి భార్య, "నేనూ వస్తా" అంది.

"నువ్వెందుకే? అక్కడ నడవడం అందరివల్లా అయ్యే పని కాదు."

"ఆ దారి తెచ్చిపెట్టిన నొప్పులన్నీ ఈ చేతులతోనే కదా తీశాను? దాని మొహం ఒక్కసారైనా చూడొద్దా?"

ఊళ్ళో పరువు పోతే పోయింది, నవ్వుకుని ఇంకో పేరు పెట్టుకుంటారు. ఆవిడకు తెలిస్తే మాత్రం? ఇక ఆ ఒళ్ళో కాళ్ళు పెట్టే మొహం తనకు ఉండదు. ఆయన భయమంతా అదొక్కటే. బయల్దేరే రోజు దాకా వాన పడాలని ఎంత కోరుకున్నా, ఆకాశం ఆయన పక్షం వహించలేదు.

దారి మొదలు తెలుసు కదా అన్నది ఒక్కటే ధైర్యం. పశువుల పాక దగ్గర ఎడమవైపు తిరగాలి. తీరా వెళ్ళి చూస్తే పాక లేదు, అక్కడ కోళ్ళ ఫారం వెలిసింది. మేస్త్రీ ఏమాత్రం తడబడకుండా ఎడమవైపు తిరిగి, తలుపు తోసుకుని, అందర్నీ వెంటబెట్టుకుని కోళ్ళ మధ్యకు నడిచాడు. రెక్కలు, ఈకలు, అరుపులు. ఫారం యజమాని బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరయ్యా మీరు? కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తే ఎవరు పూచీ? దారి అదుగో, గోడ వెనక! అంత కనబడట్లేదా?"

"చూశారా, పాత దారికి అడ్డంగా ఎలా కట్టేశారో?" అన్నాడు పళ్ళ డాక్టరు జుట్టులోంచి ఈక తీసుకుంటూ. "పాపం, మేస్త్రీగారి కాళ్ళకు పాత దారే తెలుసు. తెలుసు కదండీ? తెలుసు."

ఈ పళ్ళ డాక్టరు గురించి ఒక మాట చెప్పాలి. రోజంతా నోరు తెరిచి కూర్చున్నవాళ్ళతోనే మాట్లాడటం వల్ల, ప్రశ్న వేసి జవాబు కూడా తనే చెప్పుకోవడం ఆయనకు అలవాటైపోయింది. ఈ మనిషి దేవుడు పంపిన లాయరులా ఉన్నాడే అనుకున్నాడు మేస్త్రీ.

గోడ వెనక నిజంగానే దారి ఉంది. రెండు పక్కలా నాచు పట్టిన రాళ్ళ వరస, మధ్యలో గాడిదల గిట్టలకు అరిగి గుంటలు పడిన బండలు. మేస్త్రీ భార్య చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కూరల సంచి తెచ్చుకున్నంత తేలిగ్గా నడుస్తోంది. మేస్త్రీ మాత్రం మొదటి ఎత్తుకే రొప్పడం మొదలుపెట్టాడు.

"మనం అందుకోలేమని మామయ్యగారు కావాలనే మెల్లిగా నడుస్తున్నారు" అన్నాడు అల్లుడు భక్తిగా.

కాసేపటికి ఒక పెద్ద గుండ్రాయి వచ్చింది. దాన్ని చూడగానే మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. తెలిసిన మొహం! "దీని నెత్తిన నున్నటి గుంట ఉంటుంది అల్లుడుగారూ. వాన నీళ్ళు నిలిస్తే పిట్టలు స్నానాలు చేస్తాయి" అన్నాడు ఆనందం పట్టలేక. అందరూ తలలెత్తి చూశారు. రాయి తాటిచెట్టంత ఉంది. పక్కలన్నీ నిటారుగా ఉన్నాయి.

"దీని నెత్తి మీరెలా చూశారండీ?" అంది భార్య.

పళ్ళ డాక్టరే అందుకున్నాడు. "వయసులో ఉన్నప్పుడు ఎక్కి ఉంటారు. ఎక్కారు కదండీ? ఎక్కారు."

మొదటి టవరు వచ్చింది. దాని ఇనుప చేతులు చెట్ల పైన, ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. అయినా మేస్త్రీ మెడ ఆయన్ని అడగలేదు. టవరు కిందికి రాగానే ఒక చేత్తో టోపీ పట్టుకుని, తల మోకాళ్ళ దాకా వంచేశాడు. వెనకున్న పళ్ళ డాక్టరు ఒక్క క్షణం చూసి తనూ వంగాడు. అది చూసి అల్లుడూ వంగాడు.

"టవర్లకు తేనెపట్లు ఉంటాయి. అందుకే కదండీ? అందుకే" అన్నాడు పళ్ళ డాక్టరు నేలకేసి చూస్తూ.

రెండో టవరు దగ్గరా అదే తంతు. మూడో టవరు వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే ముగ్గురు మగవాళ్ళూ బడిపిల్లల్లా వరసగా వంగి నడిచారు. ఆవిడ మాత్రం నిటారుగా నిలబడి పైకి చూసింది. తేనెపట్టు కాదు కదా, ఈగ కూడా కనిపించలేదు.

ఆ తర్వాత దారి రెండుగా చీలింది. అల్లుడు ఆగి, "ఎటు మామయ్యగారూ?" అన్నాడు. మేస్త్రీ ఎడమ దారిని చూశాడు, కుడి దారిని చూశాడు. రెండూ ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడనివే. పైనుంచైతే కళ్ళు మూసుకుని చెబుతాడు. అడవి నెత్తి ఆయనకు కంఠోపాఠం, దాని కాళ్ళు మాత్రం తెలియవు. ఇక పైకి వెళ్ళి చూడటం తప్ప గత్యంతరం లేకపోయింది.

"చెట్టెక్కి చూస్తాను. పాతకాలపు పద్ధతి" అన్నాడు గంభీరంగా.

అల్లుడు భుజం ఇచ్చాడు, పళ్ళ డాక్టరు వెనక నుంచి తోశాడు. కొమ్మ మీద కొమ్మ పట్టుకుంటూ, మూలుగుతూ, ఆయన ఆకుల పైకి తల పెట్టాడు. అంతే, ఆయన మొహం వెలిగిపోయింది. అదుగో గని ఎర్రమచ్చ! అదుగో టవర్ల వరస! "కుడివైపేనయ్యా!" అని కేకేశాడు. "ఎర్రపూల చెట్ల గుంపు దాటితే వాగు, వాగు దాటితే పై స్టేషను!"

దిగుదామని పక్క కొమ్మ పట్టుకోబోయి కొయ్యబారిపోయాడు. ఆ కొమ్మకు, కొక్కేనికి తగిలించినట్టుగా, మూడు గిన్నెల ఇత్తడి క్యారేజీ వేలాడుతోంది. నల్లబడింది, సొట్టలు పడింది. మూత మీద చిలక మాత్రం ఆయనకేసే చూస్తోంది.

చొక్కాలో దాచుకుందామంటే గుమ్మడికాయంత ఉంది. అవతలి పొదల్లోకి విసిరేస్తే సరి అనుకుని, కొమ్మ నుంచి ఊడబీకి, బలంకొద్దీ విసిరాడు. అది ఎదుటి చెట్టు మానుకు తగిలి వెనక్కి తిరిగింది. ఠంగుమంటూ ఒక కొమ్మ మీద, ఠంగుమంటూ ఇంకో కొమ్మ మీద పడి, ఆఖరికి దొర్లుకుంటూ పోయి ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది.

ఆవిడ వంగి తీసుకుంది. కొంగుతో మూత తుడిచింది. "మా అమ్మ క్యారేజీ" అంది. "చిరుత మీద విసిరారు కదా. చెట్టు మీదికి ఎలా వచ్చింది?"

పైన కొమ్మను కావలించుకున్న మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

"చిరుతే ఎక్కించింది!" అన్నాడు పళ్ళ డాక్టరు. "దొరికినదాన్ని చెట్టు మీదికి లాక్కెళ్ళి దాచుకోవడం చిరుతల అలవాటు. ఏదీ, ఇలా ఇవ్వండి." క్యారేజీని వెలుతురుకు పెట్టి, సొట్టల్లో వేలు పెట్టి చూశాడు. "ఇదుగో కోరపన్ను గాటు. ఇది పై దవడ, ఇది కింది దవడ. ఈ చిరుతకు ఒక దంతం పుచ్చి కూడా ఉంది, పాపం. చూపించుకుని ఉండదు."

వైద్యశాస్త్రమే సాక్ష్యం చెప్పాక ఇక తిరుగేముంది? అల్లుడు ఫోటోలు తీసుకున్నాడు. గెలిచాననుకుంటూ మేస్త్రీ చెట్టు దిగాడు. కిందికి వచ్చేసరికి భార్య క్యారేజీని గుండెలకు హత్తుకుని ఏడుస్తోంది. "అంత పని జరిగినా మర్నాడు మళ్ళీ ఇదే దారిన పనికి వెళ్ళారు. ఒక్కసారైనా కష్టమనకుండా వెళ్ళారు" అంది. గెలిచిన ఆనందం ఆయన గొంతు దిగలేదు. అసలైన చిరుత వచ్చినా ఆయనకు అంత బాధ కలిగేది కాదేమో.

పై స్టేషన్ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. రేకులు ఎగిరిపోయిన షెడ్డులో తుక్కువాళ్ళు వదిలేసిన తొట్టి ఒకటి, షెడ్డు దూలానికి, నేలకు మోకాలెత్తులో ఇంకా వేలాడుతోంది. ఫోటో కోసం పళ్ళ డాక్టరు అందులోకి ఎక్కబోయాడు. కాలు లోపల పెట్టాడు, తొట్టి ముందుకు ఊగింది. రెండో కాలి మీద గెంతుతూ షెడ్డంతా తిరిగాడు. మళ్ళీ ప్రయత్నించాడు, ఈసారి తొట్టే వచ్చి ఆయన్ని పొడిచింది.

మేస్త్రీ చాలాసేపు ఓర్చుకున్నాడు. కానీ చేతకాని పనిని ఎంతసేపని చూస్తూ ఊరుకుంటాడు? "అలా కాదండీ డాక్టరుగారూ! అది మీ వైపు ఊగినప్పుడు అంచు పట్టుకోవాలి, అవతలికి పోయేటప్పుడు దానితోపాటే లేవాలి... జరగండి, జరగండి." అంటూనే అంచు పట్టుకుని ఒక్క గెంతు గెంతాడు. ఇంట్లో మెట్లెక్కడానికి గోడ పట్టుకునే మనిషి, పిల్లిలా చప్పుడు లేకుండా తొట్టిలో వాలాడు. మోకాళ్ళు మడిచాడు, వీపు ఆనించాడు, టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. ఎన్నాళ్ళకో తన చోట తను కూర్చున్న సుఖంలో "ఆఁ..." అని ఒక మూలుగు వచ్చింది.

ఆ మూలుగు ఆవిడకు తెలుసు. ముప్పై ఏళ్ళు రోజూ విన్నది.

"అనుభవం!" అన్నాడు పళ్ళ డాక్టరు. "గ్రీజు పెట్టాలంటే తొట్లలోకి దిగాలి కదండీ? దిగాలి."

అవునని తలూపితే చాలు, ఈ గండమూ గట్టెక్కేది. మేస్త్రీ టోపీ ఎత్తి భార్యను చూశాడు. ఆవిడ ఆయన్ని చూసింది, బయట టవరును చూసింది, చేతిలో క్యారేజీని చూసింది. ఆయన తల ఊగలేదు.

"అల్లుడుగారూ, మీరిద్దరూ వెళ్ళి జీపు వచ్చిందేమో చూడండి" అంది ఆవిడ. వాళ్ళు వెళ్ళాక తొట్టి దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ళు?"

"ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ."

"అసలు నడిచింది ఎంత దూరం?"

"ఆ కోళ్ళ ఫారం దాకా. అప్పుడు పశువుల పాక."

"చిరుత?"

"లేదు."

"కోతులు?"

"కోతులున్నాయి. గొడుగు మాత్రం గాలికే పోయింది."

"నాకు జ్వరం వచ్చిన రోజు?"

ఆయన తల దించుకున్నాడు. "ఆ రోజు దారంతా కునుకు తీస్తూ వచ్చాను."

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. ఆవిడ తొట్టి అంచు మీద చెయ్యి వేసి, "పైనుంచి ఎలా ఉండేది?" అని అడిగింది.

ఈ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. ముందు నసుగుతూ మొదలుపెట్టాడు. మొదటి టవరు దాటేదాకా పెరట్లో ఆవిడ ఆరేసిన బట్టలు కనిపించేవట. నీలం చీర ఆరేసిన రోజు, అదుగో మా ఇల్లు అని వెంటనే గుర్తుపట్టేవాడట. పూలకాలంలో అడవి నెత్తంతా ఎర్రదుప్పటి పరిచినట్టుండేదట. పొద్దున్నే లోయలో మంచు నిండిపోతే, తొట్టి ఒక్కటే తెల్లటి నీళ్ళ మీద తేలుతున్నట్టుండేదట. "ఒకసారి గద్ద నా కిందనుంచి పోయిందే. గద్ద వీపు చూశాను నేను. గద్ద వీపు ఎవరు చూస్తారు చెప్పు?"

అప్పుడొచ్చింది ఆవిడకు కోపం.

"గద్ద వీపు చూసొచ్చి నాకు జలగలు చెప్పారా? రోజూ ఆకాశంలోంచి ఇంటికొచ్చి, నాకు ముళ్ళూ బురదా పులీ తెచ్చారా? నేను కిటికీలోంచి ఆ గోడకేసి చూస్తూ, అయ్యో నా మొగుడు ఎక్కడ ఏ కష్టం పడుతున్నాడో అని రోజూ కుమిలిపోయాను. ఒక్క రోజైనా, ఇవాళ గద్ద వీపు చూశానే అని చెప్పుంటే మీ సొమ్మేం పోయేది?"

మేస్త్రీకి కళ్ళు చెమ్మగిల్లాయి. ముప్పై ఏళ్ళుగా లోపల ఉన్న మాట అప్పుడు బయటపడింది. "చెబితే నువ్వు కాళ్ళు పట్టవేమోనని."

"పట్టేదాన్ని" అంది ఆవిడ. "ఆ మాత్రం తెలియదా మీకు?"

ఆ మాట ఆయన్ని జలగ కంటే గట్టిగా పట్టుకుంది.

బయట జీపు హారను మోగింది. డీజిలు వాసన తగలగానే మేస్త్రీ టోపీతో ముక్కు మూసుకున్నాడు. ఆవిడ వెళ్ళి ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. అల్లుడు, "మామయ్యగారు?" అన్నాడు.

"ఆయన నడిచొస్తారు అల్లుడుగారూ. ఆయనకు అలవాటేగా."

"అలవాటే కదండీ? అలవాటే" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఒక్కరే ఎలా అత్తయ్యగారూ?"

"పొద్దున మనం తొక్కిన గడ్డి ఇంకా లేచి ఉండదు. దారి తప్పరు." ఆవిడ క్యారేజీని కిటికీలోంచి, తొట్టి దిగి వచ్చి నిలబడ్డ ఆయన చేతికిచ్చింది. "ఈసారి దీన్ని ఇంటికి తీసుకురండి."

నడక మేస్త్రీ నడిచాడు. ముళ్ళు నిజంగానే గుచ్చుకున్నాయి. బురదలో కాలు నిజంగానే దిగబడింది. ఎండుటాకుల్ని నమ్మి రెండుసార్లు జారాడు. జలగలు పాత బాకీ ఉన్నట్టు సరాసరి సాక్సుల్లోకే వచ్చాయి. ఇన్నాళ్ళూ తను చెప్పిన కథలన్నీ ఒక్క రోజున ఆయనకు జరిగాయి. టవర్ల దగ్గర మాత్రం తల వంచుతూనే ఉన్నాడు. కోళ్ళ ఫారం యజమాని గోడ మీంచి చూసి, "మళ్ళీ నువ్వేనా!" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. వేడినీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. నూనె కాగిన వాసన వస్తోంది. స్నానం చేసి, కుంటుతూ, గంపెడాశతో వరండాలోకి వచ్చాడు. ఆయన పడక కుర్చీలో ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నూనె గిన్నె కింద పెట్టి ఉంది. దాని పక్కనే, కుర్చీ ముందు, పీట వేసి ఉంది.

ఆయన పీట మీద కూర్చుని ఆవిడ పాదం ఒళ్ళోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మడమను ఆయన సరిగ్గా చూసింది అప్పుడే. రాయిలా గట్టిపడి, అడ్డదిడ్డంగా పగిలి ఉంది. ఇంట్లోనే కదా ఉన్నాను అన్న మనిషి మడమ అది. ఆయనకు చాలా సిగ్గేసింది. ఆ పగుళ్ళ మీద మెల్లిగా నూనె రాశాడు.

కాలనీలో ఆవిడ ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. క్యారేజీని తోమి ముందు గదిలో అలమరాలో పెట్టింది. అడిగినవాళ్ళకు కోరపన్ను గాటు చూపించి, పళ్ళ డాక్టరు పేరు సాక్ష్యంగా చెప్పి, చిరుతను ఇంకో మూర పెంచింది. అది ఆవిడ చిరుత, ఆవిడ ఇష్టం. సాయంత్రాలు మాత్రం వరండాలో నిజాలే నడిచేవి. ఆవిడ కళ్ళు మూసుకుని, "మూడో టవరు దాటాక?" అనేది. ఆయన ఆవిడ పిక్కలు పడుతూ చెప్పేవాడు. వాగు పైనుంచి చూస్తే ఎలా మెరిసేదో, చెట్ల నెత్తిన ఏ పిట్టలు గూళ్ళు పెట్టేవో, వాన ఎదుటి కొండ మీద మొదలై తన తొట్టి దాకా ఎలా నడిచొచ్చేదో చెప్పేవాడు.

ఓ సాయంత్రం ఉత్సాహంలో, "ఇక ఆ గుండ్రాయి దాటాక, పెద్ద కొమ్మ మీద చిరుతపులి ఒకటి తోక వేలాడేసి పడుకుని ఉండేది" అన్నాడు.

ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"ఒట్టు! ఇది నిజంగానే చూశానే! తొట్టిలోంచి చూశాను కాబట్టే ఇన్నాళ్ళూ నీకు చెప్పలేకపోయాను!"

ఆవిడ ఆ కన్ను మూసేసింది.

"ఇంకో కాలు" అంది.